ఒఫీలియా, చిత్రాంగి, మా చిన్నత్త

మా ఇంట్లో ఒకప్పుడు రోజుకు పదిసార్లు వినిపించే మాట 'పిస్స'. పుస్తకాల్లో పిచ్చి అని రాస్తారు. టీవీ ముందు నుంచి లేవకపోతే క్రికెట్ పిస్స. జీతాల రోజు ఇంటికి రాకపోతే తాగుడు పిస్స. చిన్నపిల్లలు ముద్దొస్తే 'పిస్సదానా' అని బుగ్గ గిల్లేవాళ్ళు. ఆ మాటకు బరువే ఉండేది కాదు. 1997 ఎండాకాలం తర్వాత మాత్రం మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. అప్పటికి అది మా చిన్నత్తకు పేరైపోయింది. లైన్లో పిల్లలు మా క్వార్టర్ గుర్తు చెప్పాలంటే 'పిస్సామె ఇల్లు' అనేవాళ్ళు.

ఈ వ్యాసం హ్యామ్లెట్ గురించి రాద్దామని మొదలుపెట్టాను. హ్యామ్లెట్‌ది నిజం పిచ్చా, నటనా? అతను ఒఫీలియాను ప్రేమించాడా, లేదా? నాలుగు వందల ఏళ్ళుగా అందరూ తవ్వుతున్న చోటే నేనూ ఒక తట్టెడు ఎత్తుదామనుకున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాను. ప్రతిసారీ రెండో పేజీకి వచ్చేసరికి చిన్నత్త వచ్చి కూర్చుంటోంది. ఆమెను పక్కకు జరగమనడం ఇక నా వల్ల కాదు.

*

మాది గోదావరిఖని పక్కన యైటింక్లయిన్ కాలనీ. బాపు సింగరేణిలో టింబర్‌మ్యాన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మూడు షిఫ్టులు, వారానికొకటి మారేవి. బాపు నైట్ షిఫ్ట్ ఉన్న వారం మధ్యాహ్నాలు ఇంట్లో గిన్నె కూడా చప్పుడు కాకూడదు. సాయంత్రమైతే లైనంతా బొగ్గు పొయ్యిల పొగ.

బాయి గురించి బాపు ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒక్క సంగతి మాత్రం చాలాసార్లు చెప్పాడు. కప్పు ఊరికే కూలదు, ముందుగాల మాట్లాడుతది, అని. రాడ్డుతో కొట్టి చూస్తే గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పులాగ డొల్లగా మోగుతుంది. పైనుంచి పెళ్ళలు రాలడం మొదలవుతుంది. కట్టె సపోర్టు కిర్రుమంటుంది. పాత కార్మికులకు ఇనుము కన్నా కట్టె మీదే ఎక్కువ నమ్మకం ఉండేది. ఇనుము చెప్పకుండా వంగుతుందట, కట్టె చెప్పి విరుగుతుందట. "సప్పుడు ఇనెటోడే బాయిల బతుకుతడు" అనేవాడు బాపు. ఈ మాటతో నాకు తర్వాత పని పడుతుంది.

చిన్నత్త బాపుకు ఆఖరి చెల్లెలు. మంథని వైపు మా ఊరి నుంచి వచ్చి మా దగ్గర ఉండేది. పెళ్ళయి ఏడాది తిరగకముందే పుట్టింటికి వచ్చేసింది. పుట్టింట్లో అప్పటికి ఎవరూ మిగల్లేదు కాబట్టి మా క్వార్టరే పుట్టింటిల్లు. ఎందుకు వచ్చేసిందో మా ముందు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఇరవై రెండేళ్ళు, నాకు తొమ్మిది. పదో తరగతి పాసైంది. నాకు పద్దెనిమిదో ఎక్కం దాకా నేర్పింది ఆమే. బాపు నైట్ షిఫ్టుకు పోయిన రాత్రుళ్ళు వాకిట్లో నవారు మంచం మీద పడుకుని కథలు చెప్పేది. అందులో నాకు బాగా గుర్తున్నది సారంగధర కథ.

ఆ కథను ఆమె పుస్తకంలో చదవలేదు. ఊళ్ళో చిందోళ్ళు ఆడితే చూసింది. చిందులో ఆడవాళ్ళు కూడా వేషం కడతారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు వినని వాళ్ళు తక్కువ. మా ఊరికి వచ్చిన మేళంలో చిత్రాంగి వేషం కట్టింది ఒక ఆడమనిషేనట. "ఆమె ఏడిస్తె మొగోళ్ళు గుడ తలకాయ దించుకున్నరు అల్లుడా" అనేది.

కథ చాలామందికి తెలిసిందే. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు. అతని పావురం ఎగిరి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. తెచ్చుకోవడానికి వెళ్తాడు. ఆమె తన ప్రేమ చెప్తుంది. అతను తల్లివి అంటాడు, కాదంటాడు. ఆమె రాజుకు తిరగేసి చెప్తుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. రాజమండ్రిలో సారంగధర మెట్ట అని ఇప్పటికీ చూపిస్తారు.

చిన్నత్త మాత్రం కథను పావురం దగ్గర మొదలుపెట్టేది కాదు, పటం దగ్గర మొదలుపెట్టేది. పెళ్ళి మాటలప్పుడు చిత్రాంగికి చూపించింది కొడుకు పటం. తీరా పెళ్ళి చేసుకున్నది తండ్రి. "ముందుగాల ఆ పిల్లకు సూపెట్టింది ఎవ్వని బొమ్మ? అది జెప్పు" అని నన్నే నిలదీసేది. తొమ్మిదేళ్ళ పిల్లగాణ్ణి, ఏం చెప్పను! పావురం ఏమైందని అడిగేవాణ్ణి. ఆమె నవ్వేది.

*

హ్యామ్లెట్ నాకు చాలా ఆలస్యంగా పరిచయమయ్యాడు. ఇంజనీరింగ్‌లో నాకు తెలిసిన షేక్‌స్పియర్ అంటే క్విజ్ పోటీల్లో వచ్చే షేక్‌స్పియరే. 2014లో 'హైదర్' సినిమా చూసి, కశ్మీర్‌లో పెట్టిన ఈ కథ అసలు ఏమిటో తెలుసుకుందామని నోట్సు ఉన్న ఎడిషన్ కొన్నాను. అప్పట్లో నా ఉద్యోగం ప్రొడక్షన్ సపోర్ట్. రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగితే లేచి లాగ్స్ చదివి, ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. బాపు షిఫ్టు పోయి నా షిఫ్టు వచ్చింది, అంతే తేడా. నాటకాన్నీ అలాగే చదివాను.

లాగ్స్ ఇలా ఉన్నాయి. మొదటి అంకంలోనే హ్యామ్లెట్ తన స్నేహితులతో ఒట్టు వేయించుకుంటాడు. ఇకమీదట నేను వింతగా ప్రవర్తించవచ్చు, మీకు తెలిసినట్టు బయటపడకండి, అని. అంటే నటనే. స్నేహితుల ముసుగులో వచ్చిన గూఢచారుల దగ్గర తన పిచ్చి గాలివాటాన్ని బట్టి ఉంటుందన్నట్టు తనే చెప్తాడు. నటన అనడానికి ఇది రెండో సాక్ష్యం. కానీ మూడో అంకంలో తల్లి గదిలో తండ్రి దయ్యం మళ్ళీ కనిపిస్తుంది. మొదటిసారి ఆ దయ్యాన్ని కాపలావాళ్ళు చూశారు, హొరేషియో చూశాడు. ఈసారి తల్లికి కనబడదు. కొడుకు శూన్యంతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది ఆమెకు. అప్పుడే తెర వెనకున్న మనిషిని ఎవరో చూడకుండా పొడిచి చంపేశాడు. ఇది నటించే మనిషి చేసే పనా? అంటే మొదట నటన, తర్వాత నిజం. నటిస్తూ నటిస్తూ గీత ఎక్కడ దాటాడో అతనికీ తెలియదు. ఇదీ నా తీర్పు. చాలా సంబరపడ్డాను.

ప్రేమ విషయంలోనూ అంతే. ఉత్తరాలు రాశాడు, కానుకలిచ్చాడు. తర్వాత నేను నిన్ను ప్రేమించలేదన్నాడు, మఠంలో చేరిపొమ్మన్నాడు. చివరికి ఆమె గోతిలో దిగి, అన్న కన్నా తనకే ఎక్కువ ప్రేమ ఉందని పోట్లాడాడు. దీని మీదా రెండు పేజీలు రాసుకున్నాను.

ఒకరోజు ఆ నోట్సు తిరగేస్తుంటే కనిపించింది. నలభై పేజీల్లో ఒఫీలియా గురించి ఒక్క ప్రశ్నా లేదు. ఆమె పేరు చాలాచోట్ల ఉంది. అన్నిచోట్లా హ్యామ్లెట్ గురించి సాక్ష్యంగానే ఉంది. అతని పిచ్చి నిజమా అని నలభై పేజీలు తవ్వినవాణ్ణి ఆమె పిచ్చి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను: 'తండ్రి చనిపోవడంతో ఒఫీలియాకు మతి చలిస్తుంది.' మా లైన్లో పిల్లలు 'పిస్సామె ఇల్లు' అన్నట్టే.

*

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఈసారి ఆమె వెంట.

ఒఫీలియా నాటకంలో కనిపించేది ఐదు దృశ్యాల్లో. మొదటి దృశ్యంలో అన్న జాగ్రత్తలు చెప్తాడు, తండ్రి అతన్ని కలవొద్దంటాడు. సరేనంటుంది. రెండోసారి హ్యామ్లెట్ వింత వేషంలో తన గదికి వచ్చాడని భయపడి తండ్రికి చెప్తుంది. తండ్రి ఆమె భయం సంగతి పట్టించుకోడు. ఇది ప్రేమ పిచ్చి అని తేల్చుకుని రాజు దగ్గరికి పరుగెత్తుతాడు. మూడోసారి తండ్రీ రాజూ చాటున నిలబడి, ఆమెను ఎరగా పెడతారు. చేతిలో ప్రార్థన పుస్తకం కూడా వాళ్ళిచ్చిందే. కానుకలు తిరిగి ఇచ్చేసి, తిట్లు తింటుంది. నాలుగోసారి నాటకం చూస్తూ అందరి ముందూ హ్యామ్లెట్ బూతు మాటలు వింటుంది. ఆ రాత్రే తండ్రి హత్య. చంపింది తను ప్రేమించినవాడు. శవాన్ని గుట్టుగా పూడ్చిపెట్టారు. అన్న ఫ్రాన్స్‌లో ఉన్నాడు. చంపినవాణ్ణి ఇంగ్లండ్ పంపేశారు. ఈ మాట చెప్పుకోవడానికి ఆమెకు డెన్మార్క్‌లో ఒక్క మనిషి లేడు.

ఐదోసారి ఆమె పాడుతూ వస్తుంది. రాణి ముందు ఆమెను కలవనే కలవనంటుంది. ఆ పిల్ల మాటలు విని జనం ఏవేవో ఊహించుకుంటారు, కలవడమే మంచిదని సలహా వస్తే అప్పుడు రానిస్తుంది. అంటే లోపలికి పిలిచింది జాలితో కాదు, పుకారు భయంతో. ఆమె పాటల్లో రెండే సంగతులున్నాయి. చచ్చిపోయి సరైన అంత్యక్రియలు లేకుండా మట్టిలోకి పోయిన మనిషి ఒకటి. మాటిచ్చి మోసపోయిన పిల్ల రెండోది. తర్వాత పువ్వులూ ఆకులూ పంచుతుంది. ఇది గుర్తుంచుకోవడానికి, ఇది పశ్చాత్తాపానికి అని. తండ్రి పోయిన రోజే వయొలెట్లన్నీ వాడిపోయాయంటుంది. నాటకమంతా ఎవరూ పైకి అనలేనిదాన్ని ఆమె రాజు మొహం మీదే అంటోంది. మతి ఉన్నంతకాలం ఆమె అన్నదెల్లా సరే, చిత్తం, తెలియదు. మతి పోయాకే నోరొచ్చింది.

బాపు మాట గుర్తొచ్చింది. కప్పు మాట్లాడుతోంది. కింద నిలబడ్డవాళ్ళందరూ, అయ్యో ఎంత బాగా పాడుతోంది, అనుకుంటున్నారు.

రాజు ఆమెను జాగ్రత్తగా కనిపెట్టి ఉండమని మనుషుల్ని పంపుతాడు. ఆ దృశ్యం తర్వాత ఆమె మనకు మళ్ళీ కనిపించదు. చావు కబురు రాణి వచ్చి చెప్తుంది. ఏటి ఒడ్డున కొమ్మ విరిగిందని, బట్టలు కాసేపు తేల్చాయని, పాడుతూ మునిగిందని. ఇంత వివరంగా ఎవరో చూశారంటే, మరి చూసినవాళ్ళు దిగి ఎందుకు తీయలేదు? నాటకంలో ఎవరూ అడగరు. తర్వాతి దృశ్యంలో గోతులు తవ్వేవాళ్ళు ఇంకో లెక్క తీస్తారు. కావాలని మునిగిందా, నీళ్ళే ఆమె మీదికొచ్చాయా? ఆ రోజుల్లో ఇది వేళాకోళం కాదు. ఆత్మహత్య అని తేలితే చర్చి అంత్యక్రియలు దక్కవు, ఆస్తి రాజుకు పోతుంది. మన దగ్గర కూడా ఆత్మహత్యాయత్నం నేరంగానే ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాకే, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి అన్నారు.

ఆ తర్వాత ఆమె ఎంత అందంగా చనిపోయిందో బొమ్మలు వేసుకున్నారు. 1850ల మొదట్లో ఇంగ్లిష్ చిత్రకారుడు మిలే వేసిన ఒఫీలియా ఎంత ప్రసిద్ధమో చెప్పక్కర్లేదు. దానికి మోడల్‌గా ఎలిజబెత్ సిడాల్ అనే అమ్మాయి తొట్టిలో నీళ్ళలో పడుకుంది. కింద వెచ్చదనానికి పెట్టిన దీపాలు ఆరిపోయినా ఎవరూ గమనించలేదు. ఆమెకు గట్టిగా జలుబు చేసింది. అదే దశాబ్దంలో హ్యూ డైమండ్ అనే డాక్టర్, పిచ్చాసుపత్రిలో ఉన్న ఆడవాళ్ళ ఫోటోలు తీస్తూ ఒకమ్మాయికి ఆకుల దండ పెట్టి నిలబెట్టాడు. ఎలేన్ షోవాల్టర్ 1985లో ఒఫీలియా మీద రాసిన వ్యాసంలో చూపించింది ఇదే: నాటకంలో పాత్రను చూసి ఆసుపత్రిలో మనుషుల్ని అలా చూడటం నేర్చుకున్నారు, మళ్ళీ ఆసుపత్రిని చూసి నాటకంలో అలా నటించారు.

*

నేను ఇప్పటిదాకా దాటేసిన చోటు ఒకటుంది. రెండో అంకంలో పొలోనియస్, హ్యామ్లెట్ తన కూతురికి రాసిన ఉత్తరం తెచ్చి రాజూ రాణీ ముందు చదువుతాడు. చదువుతూ మధ్యలో ఈ మాట బాగాలేదని విమర్శ కూడా చేస్తాడు. చదువరులు నవ్వుకునే చోటు అది. నేను మాత్రం ఆ పేజీ ఎప్పుడూ త్వరగా తిప్పేసేవాణ్ణి.

1997 మే నెల. ఆ ఎండ మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. చిన్నత్త మడతపెట్టిన కాగితం నా నిక్కరు జేబులో పెట్టి, చౌరస్తా దగ్గర రేడియో రిపేరు షాపులో కూర్చునే అతనికి ఇచ్చి రమ్మంది. ఐటీఐ చదివి, ఉద్యోగం లేక అక్కడ పని చేస్తుండేవాడు. ఇంటికి రెండుసార్లు టేప్‌రికార్డర్ బాగు చేయడానికి వచ్చాడు. నాకు అతనంటే ఇష్టమే. పాత అయస్కాంతం ముక్క ఇచ్చాడొకసారి.

నేను షాపుకు పోలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏదో పెద్ద సంగతి నా జేబులో ఉందన్న గర్వం ఒకటి. బాపు మెచ్చుకుంటాడన్న ఆశ ఒకటి. ఫస్ట్ షిఫ్ట్ దిగి సైకిల్ మీద వస్తున్న బాపుకు మలుపు దగ్గరే ఎదురెళ్ళి కాగితం చేతిలో పెట్టాను.

బాపు ముందు గదిలో నిలబడి పైకి చదివాడు. అమ్మ ఉంది, మేనమామ ఉన్నాడు, పక్క క్వార్టర్ ఆయన కూడా ఉన్నాడు. నాలుగు లైన్లు చదివి ఆపేశాడు. చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో మా వైపు పనిలేని పిల్లగాళ్ళ మీద పోలీసుల కన్ను ఉండేది. అలాంటి ఇంటితో రాకపోకలు అంటేనే జనం భయపడేవాళ్ళు. బాపు భయంలో పరువు ఎంతో, ఆ భయం ఎంతో నేను విడదీసి చెప్పలేను. చిన్నత్త వంటగది గడపలో నిలబడి ఉంది. బాపును చూడలేదు. నన్ను చూసింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడటం తగ్గించింది. తిండి తగ్గింది. వర్షాకాలం వచ్చేసరికి రాత్రుళ్ళు నిద్రపోవడం మానేసింది. నల్లా దగ్గర కూర్చుని ఒకటే పాట, చిందోళ్ళ సారంగధరలోదే. మొదట్లో లైన్లో ఆడవాళ్ళు బాగుందని వినేవాళ్ళు. తర్వాత బిందెలు తీసుకుని పక్క లైను నల్లాకు పోయారు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు. ఒక దర్గాకు తీసుకెళ్ళి మూడు శుక్రవారాలు ఉంచారు. కరీంనగర్‌లో మానసిక వైద్యుణ్ణి కలిసింది దాదాపు నాలుగేళ్ళ తర్వాత. ఆ డాక్టరు ఒక జబ్బు పేరు చెప్పి మందులు రాశాడు. ఆరు నెలలకు ఆమె మళ్ళీ జడ వేసుకుంది. ఆ రోజు అమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టింది, డాక్టరు పేరు మీద కూడా ఒకటి.

ఆ ఉత్తరం వల్లే ఆమెకు జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. అలా అనడం జబ్బును అర్థం చేసుకోవడం కాదు, నా తప్పును పెద్దది చేసుకుని చూసుకోవడం. ఆ వయసులో ఆ జబ్బు ఏ ఉత్తరం లేకుండా కూడా రావచ్చు. షేక్‌స్పియర్‌లో కూడా కారణం వెతికే తొందర మగవాళ్ళదే. హ్యామ్లెట్‌ది ప్రేమ పిచ్చి అన్నాడు పొలోనియస్, ఒఫీలియాది తండ్రి పోయిన దుఃఖం అన్నాడు రాజు. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే మేమూ ఒకే ఒక్క కారణం రాసి టికెట్ మూసేస్తాం. మనుషులకు అలా కుదరదు. కానీ ఒక్కటి మాత్రం నా లెక్కలో ఉంది. ఆమె తన గురించి తానే రాసుకున్న ఒకే ఒక్క కాగితాన్ని వేరేవాళ్ళ నోట వినిపించింది నేను.

*

ఇక చిత్రాంగి. ఈ కథను విషాదాంత నాటకంగా తెలుగు రంగస్థలం మీదికి తెచ్చింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి, బళ్ళారిలో వకీలుగా పని చేస్తూ, సరస వినోదినీ సభ పెట్టి నాటకాలాడినవాడు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. ఆయన 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్తారు. సంస్కృత నాటక సంప్రదాయం చావుతో ముగించడాన్ని ఒప్పుకోదు. పాత కథల్లో కూడా నరికిన కాళ్ళూ చేతులూ సిద్ధుడి దయ వల్ల తిరిగొస్తాయి. గౌరన 'నవనాథ చరిత్ర'లో ఈ కథ ఉన్నది సిద్ధుల మహిమ చెప్పడానికే. చేమకూర వేంకటకవి దాన్ని కావ్యం చేశాడు. గురజాడ కూడా 1883లో ఇంగ్లిషులో ఈ కథ మీదే కావ్యం రాశాడు. చరిత్రలోని రాజరాజ నరేంద్రుడి కొడుకు మాత్రం 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడు అయ్యాడు. చరిత్ర ఇవ్వని కొడుకును మనం ఇన్ని శతాబ్దాలు ఎందుకు నరుకుతూ వచ్చాం అన్నది నన్ను వదలని ప్రశ్న.

ఇలాంటి కథ గ్రీకుల దగ్గరా ఉంది. యురిపిడీస్ 'హిప్పోలిటస్' క్రీ.పూ. 428 నాటిది. సవతి కొడుకు మీద మనసుపడ్డ ఫేడ్రా మూడు రోజులుగా తిండి ముట్టకుండా పడి ఉంటుంది. చెప్పుకోలేక కుమిలిపోతుంది. దాది బలవంతంగా రాబడుతుంది. చివరికి ఉరేసుకుంటూ, అతను తనను చెరిచాడని అబద్ధం రాసి పెడుతుంది. తండ్రి ఆ రాతను నమ్మి కొడుకును శపిస్తాడు. అక్కడా ఒక ఉత్తరం, చదివే ఒక మగవాడు, ఎదుటివాణ్ణి ఒక్క మాట అడగని తొందర. తేడా ఏమిటంటే గ్రీకు నాటకం ఆమె ప్రేమను దేవత పెట్టిన జబ్బు అంటుంది. మన సంప్రదాయం చిత్రాంగికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఒఫీలియాకు పిచ్చిది అన్న పేరు దొరికింది, జాలి దొరికింది. చిత్రాంగికి చెడ్డది అన్న పేరే మిగిలింది.

చిత్రాంగి చేసింది చిన్న తప్పని నేను అనను. ఆమె అబద్ధం వల్ల ఒక నిరపరాధి కాళ్ళూ చేతులూ పోయాయి. పటం సంగతి ఆ అబద్ధాన్ని కడగదు. కానీ ఈ కథలో మతి తప్పినట్టు ప్రవర్తించింది ఎవరు? కొడుకును ఒక్క ప్రశ్న అడగకుండా నరకమన్న తండ్రి కాదా? అతని కోపాన్ని ఏ కథకుడూ పిచ్చి అనలేదు. రాజుది ఆగ్రహం. చిత్రాంగిది కామం. ఒఫీలియాది ఉన్మాదం. హ్యామ్లెట్‌ది తత్వం. నాలుగు పాత్రలకు నాలుగు పదాలు పంచిపెట్టింది ఎవరో మనం చూసుకోవాలి. షేక్‌స్పియర్ కాలంలో ఒఫీలియా మాటలు మొదట పలికింది ఆడవేషం కట్టిన కుర్రవాడు. మన నాటక సమాజాల్లోనూ అప్పట్లో ఆడవేషాలు మగవాళ్ళవే. ఆడపాత్ర ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ. ఆ లెక్కన ఊళ్ళో చిందు మేళంలో చిత్రాంగి ఒక ఆడమనిషి గొంతుతో ఏడవడం ఎంత పెద్ద సంగతో నాకు ఇప్పుడు తెలుస్తోంది. తలకాయ దించుకున్న మగవాళ్ళకు ఆ రాత్రి ఏదో సప్పుడు వినిపించే ఉంటుంది.

*

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. బాపు రిటైరై నాలుగేళ్ళు. క్వార్టర్ అప్పగించి సొంతిల్లు కట్టుకున్నారు. చిన్నత్త వాళ్ళతోనే ఉంటుంది. యాభై దాటింది. పొద్దున ఒక గోళీ, రాత్రి ఒకటి. చెయ్యి కొంచెం వణుకుతుంది. ఫోన్లో సీరియళ్ళు చూస్తుంది, నాకు గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుతుంది.

వెనక వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళు మోసిన మాట చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "అత్తా, నేనో తప్పు జేసిన" అన్నాను. ఉత్తరం సంగతి చెప్పాను. మలుపు దగ్గర బాపుకు ఇచ్చింది, ముందు గదిలో చదివింది, అన్నీ.

ఆమె చిక్కుడుకాయ తుంచడం ఆపి నా వైపు చూసింది. చాలాసేపు ఆలోచించింది.

"ఏ ఉత్తరం అల్లుడా?"

మళ్ళీ చెప్పాను. రేడియో షాపు, అయస్కాంతం.

"యాదికి లేదురా" అంది. "ఆ మందులు మింగినకాన్నుంచి శాన మర్శిపోయిన. అప్పటియి ఏవి నిజమో ఏవి నేను అనుకున్నయో గుడ తెల్వది."

నాకు ఏం చేయాలో తోచలేదు. మన్నించానన్న మాట వినడానికి వచ్చానని అప్పుడు అర్థమైంది. తిట్టినా సరిపోయేది. మన్నించడానికి ఆమె దగ్గర ఆ రోజే మిగల్లేదు. ఆ రోజు ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే ఉంది. బాపు దగ్గర కూడా ఉందేమో, ఆయన్ని నేనింకా అడగలేదు.

కాసేపటికి, ఏం రాస్తున్నవ్ ఈ మధ్య అని ఆమే అడిగింది. నేను ఏవో రాస్తానని అమ్మ చెప్పిందట. నాటకాల గురించి అన్నాను. సారంగధర గురించి కూడా అన్నాను. ఆమె కళ్ళు మారాయి. అది యాదికుంది. పటం దగ్గర నుంచి మొదలుపెట్టి కొంత చెప్పింది. పాట ఎత్తుకోబోయి, లోపల బాపు నిద్రపోతున్నాడని ఆపేసింది. నైట్ షిఫ్టులు పోయి ఎన్నేళ్ళయినా ఆ ఇంట్లో మధ్యాహ్నం చప్పుడు చేయరు.

"చిత్రాంగి సంగతి రాయి, మంచిదే" అంది, ఈనెలు చాటలోంచి ఏరి పక్కకు పడేస్తూ. "రాజును గుడ రాయి. అందరు ఆమెనే అంటరు."